మెడికల్ బోర్డు ముందు నొప్పి లేదన్న మాస్టారు

నా సర్వీసులో వచ్చిన చివరి ఎన్నికల ముందు, ఏప్రిల్ నెలలో, నన్ను బందరులో కూర్చునే మెడికల్ బోర్డుకు సభ్యురాలిగా వేస్తూ ఉత్తర్వు అందింది. కాగితాల మీద మచిలీపట్నం అనే ఉంటుంది గానీ ఈ ప్రాంతంలో పనిచేసినవాళ్లెవరూ మాటల్లో ఆ పేరు వాడరు, బందరే అంటారు. అప్పటికి నేను గుడివాడలో జనరల్ మెడిసిన్ విభాగం చూస్తున్నాను. హోదా సివిల్ సర్జన్. సర్జన్ అనగానే ఆపరేషన్లు చేసే మనిషి అనుకుంటారు. అది పై మెట్టు ఉద్యోగానికి ప్రభుత్వం పెట్టిన పేరు మాత్రమే. నేను కత్తి పట్టింది మా వంటింట్లోనే.

బోర్డు అంటే ముగ్గురం. అధ్యక్షుడు ఎముకల వైద్యుడు డాక్టర్ నరసింహమూర్తి గారు. రెండో సభ్యురాలిని నేను. మూడో ఆయన ఆసుపత్రి పాలన చూసే ఆర్‌ఎంఓ, సంతకాలూ ముద్రలూ ఆయన పని. ఎన్నికల డ్యూటీ పడిన ఉద్యోగి ఎవరైనా ఆరోగ్యం బాగాలేదు, మినహాయించండి అని అర్జీ పెట్టుకుంటే కలెక్టరేటు నుంచి మా దగ్గరికి పంపుతారు. మేము చూసి ఫిట్ లేదా అన్‌ఫిట్ అని రాయాలి. కారణం కూడా రాయాలి. ఒకసారి రాశాక మార్చటానికి వీల్లేదు.

ఎన్నికల డ్యూటీ ఉత్తర్వులు చేతికందిన మర్నాటి నుంచి జిల్లాలో నడుం నొప్పులు మొదలవుతాయి. దీనికి కారణం ఉంది. జ్వరం థర్మామీటరుకు దొరుకుతుంది. షుగరు రక్తంలో దొరుకుతుంది. గుండె జబ్బు ఈసీజీలో దొరక్కపోయినా ఇంకో పరీక్షలో బయటపడుతుంది. నడుం నొప్పికి మాత్రం చాలాసార్లు మనిషి మాటే సాక్ష్యం. ఎక్స్‌రేలో నొప్పి కనిపించదు. ఎమ్మారై తీస్తే నడివయసు దాటిన ఎవరి వెన్నులోనైనా ఎంతో కొంత అరుగుదల ఉంటుంది, నొప్పి ఉన్నా లేకపోయినా. కాబట్టి డ్యూటీ తప్పించుకోదలచినవాళ్లకు ఇంతకన్నా అనువైన జబ్బు లేదు.

నరసింహమూర్తి గారు మాటలు పొదుపుగా వాడే మనిషి. ఆయన పద్ధతి కూడా పొదుపైనదే. మనిషిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తేవారు. కాస్త లేచేసరికే "అబ్బా" అని కేక. సరేనని వదిలేసి, కాసేపయ్యాక మోకాలు చూస్తానన్నట్టుగా "లేచి కాళ్లు చాపుకుని కూర్చోండి" అనేవారు. మనిషి సుబ్బరంగా కూర్చునేవాడు. పడుకుని కాలెత్తినా, కాళ్లు చాపి కూర్చున్నా నడుంలో సాగే నరం ఒకటే. అక్కడ ప్రాణం పోయినంత నొప్పి ఉండి ఇక్కడ లేకపోవటం కుదరదు. ఆయన నావైపు చూసేవారు. నేను ఫిట్ అని రాసేదాన్ని.

రెండో పరీక్ష ఇంకా చిన్నది. మనిషిని నిలబెట్టి నడినెత్తి మీద రెండు వేళ్లతో మెల్లిగా నొక్కటం. ఆ కాస్త ఒత్తిడికి నడుం నొప్పి పెరగదు. నొప్పి ఉందని నమ్మించాలనుకునేవాళ్లు మాత్రం తప్పకుండా మూలుగుతారు. మొదటి రోజు మొదటివాడు మూలిగి, బయటికి వెళ్లి వరండాలో కూర్చున్నవాళ్లకి విషయం చెప్పినట్టున్నాడు. తర్వాత వచ్చినవాళ్లందరూ ఆయన చెయ్యి నెత్తి దాకా రాకముందే "అమ్మో" అనటం మొదలుపెట్టారు. ఒకావిడైతే ఆయన జేబులోంచి పెన్ను తీయటానికి చెయ్యెత్తినా కేక వేసింది. మధ్యాహ్నానికి వరండాలో సమాచారం మారింది. భోజనాల తర్వాత వచ్చినవాళ్లు నెత్తి నొక్కితే హాయిగా నవ్వుతూ నిలబడ్డారు. నరసింహమూర్తి గారు రోజంతటికీ పలికిన ఒక్క పెద్ద వాక్యం అప్పుడే: "టీచర్లు కదండీ, జవాబులు త్వరగానే పంచుకుంటారు."

కోటేశ్వరరావు మాస్టారు వచ్చింది ఆ మర్నాడు.

ముందు ఆయన భార్య అన్నపూర్ణ గారు లోపలికి వచ్చారు. వెనకాల ఆయన. గుడ్లవల్లేరు పక్క ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారట. మరుసటి ఏడాది రిటైర్మెంటు. ఇప్పుడు పడింది ప్రిసైడింగ్ అధికారి డ్యూటీ, అంటే ఒక పోలింగ్ బూత్ మొత్తానికి బాధ్యుడు. దివిసీమ వైపు నియోజకవర్గం ఇచ్చారు. బూత్ ఏదన్నది పోలింగుకు ముందు రోజు సామాన్లు పంచే దగ్గర మాత్రమే తెలుస్తుంది. ఆయన నడక చూస్తే, కొత్త చొక్కాలోంచి అట్ట తీయకుండానే తొడుక్కున్న మనిషిలా ఉంది. ఎటు చూడాలన్నా తల తిప్పకుండా మనిషి మొత్తం తిరుగుతున్నారు.

"మా ఆయనకి నడుం పట్టేసిందండీ డాక్టరమ్మగారూ. అర్జీ నేనే పెట్టాను" అన్నారావిడ.

"నాకేం లేదండి మేడమ్. ఈవిడ కంగారు మనిషి. నేను ఫిట్టే. ఆ ముక్క రాసిచ్చేయండి, బస్సుకి వెళ్లిపోతాం" అన్నారు మాస్టారు.

రెండు రోజులుగా మేము చూస్తున్న నాటకం తలకిందులైంది. అప్పటిదాకా వచ్చినవాళ్లందరూ నొప్పి ఉందని మొత్తుకున్నారు, మేము లేదన్నాం. ఇప్పుడు లేదని ఒట్టేసే మనిషి ఎదురయ్యాడు. ఆర్‌ఎంఓ గారు ముద్ర కింద పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

కూర్చోమన్నాను. నిలబడే ఉంటానన్నారు. పడుకోమంటే బల్ల వైపు కాసేపు చూసి, ఒక చెయ్యి బల్ల మీద, ఒక చెయ్యి భార్య భుజం మీద వేసి, పక్కకి వాలి, దుంగను దొర్లించినట్టు తనను తనే దొర్లించుకున్నారు. నరసింహమూర్తి గారు కాలు పైకెత్తారు. మాస్టారి నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పైకొచ్చింది. బల్ల అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

"నొప్పుందా?"

"లేదండి."

"ఇప్పుడు?"

"హాయిగా ఉందండి" అన్నారు, పళ్ల మధ్య నుంచి.

లేపి నిలబెట్టి నెత్తి నొక్కితే నొప్పి లేదన్నారు. అది మాత్రం నిజమే. "రెండు రోజుల్లో ఈ పరీక్షకి సరైన జవాబు చెప్పింది ఈయనొక్కరే" అన్నారు నరసింహమూర్తి గారు. కాళ్లలో బలం, చర్మం స్పర్శ, మోకాళ్ల దగ్గర సుత్తి పరీక్ష అన్నీ బాగానే ఉన్నాయి. మూత్రం, విరేచనం పట్టు తప్పటం, తొడల మధ్య తిమ్మిరి లేవు. అవి ఉంటే నరాల ప్రమాదం. లేవంటే ఇది కండరాలు పట్టేసిన మామూలు నడుం నొప్పి. ఎంత బాధపెట్టినా చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోయే రకం.

అయినా ఆయన ఒప్పుకోరు. ఒప్పుకోని మనిషికి ఏమని రాయాలి?

ఇంతలో తలుపు దగ్గర నుంచి ఒక గొంతు, "మేడమ్, నన్నొక మాట చెప్పనివ్వండి" అంది. తర్వాత నంబరు ఆయనదే. పేరు రాంబాబు, అదే స్కూల్లో పీఈటీ, అంటే వ్యాయామం మాస్టారు. నడుం నొప్పి అర్జీతోనే వచ్చాడు. బెల్టు కూడా కట్టుకున్నాడు, చొక్కా పైనే, అందరికీ కనిపించేలా.

"మా కోటేశ్వరరావు గారిది నిజం నొప్పండీ. నా మాట నమ్మండి."

"మీకెలా తెలుసు?" అన్నాను.

"నేను మూడు ఎన్నికల నుంచి ఈ నొప్పి నటిస్తున్నానండీ. నటించేవాడు నలుగురూ చూసేటప్పుడు వంగుతాడు, ఎవరూ లేనప్పుడు నిటారుగా ఉంటాడు. ఈయన మనుషులు కనపడితే నిటారుగా అయిపోతాడు. సైకిల్ స్టాండు వెనకాల ఒక్కడే ఉన్నప్పుడు చూశాను, గోడ పట్టుకుని ముసలాడిలా నడుస్తున్నాడు. అలా ఎవరూ నటించరండీ, ఎందుకు నటిస్తారు?"

ఆర్‌ఎంఓ గారు రాంబాబు బెల్టు వైపు చూశారు. తనేం చెప్పాడో రాంబాబుకి అప్పుడు అర్థమైనట్టుంది. నెమ్మదిగా బెల్టు మీద చెయ్యి వేసుకున్నాడు. నరసింహమూర్తి గారు అర్జీల దొంతరలోంచి అతని కాగితం వెతికి తీసి, ఫిట్ అని రాసి, పరీక్ష లేకుండానే పక్కన పెట్టారు.

ఇక అన్నపూర్ణ గారు జరిగింది చెప్పారు. మధ్యమధ్య రాంబాబు అందుకున్నాడు. మాస్టారు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

డ్యూటీ ఉత్తర్వులు వచ్చిన రోజు స్టాఫ్ రూములో నడుం నొప్పుల గురించి మాట వచ్చిందట. మాస్టారు తన సర్వీసులో ఒక్క ఎన్నిక కూడా మానలేదు. "ఎన్నికలనగానే నడుములు విరిగిపోతాయి మీకు! నా వయసెంత, మీ వయసెంత?" అని అందరినీ, ముఖ్యంగా రాంబాబుని, కడిగేశారట. అంతటితో ఆగకుండా, మూల ఉన్న నిండు వాటర్ క్యాన్‌ని, ఇరవై లీటర్లది, ఒక్కరే వంగి ఎత్తి స్టాండు మీద బోర్లించారట. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నడుంలో కళుక్కుమన్న సంగతి ఎవరికీ తెలియలేదు.

"అప్పుడు ఆయన స్టాండు వదిలి రాలేదండీ. గ్లాసు తీసుకుని నీళ్లు తాగారు. మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ తాగారు. బెల్లు కొట్టారు, మేమంతా క్లాసులకి వెళ్లిపోయాం. పీరియడ్ అయి వచ్చేసరికి ఇంకా అక్కడే నిలబడి తాగుతున్నారు. ఇంత దాహమేంటండీ మాస్టారూ అంటే, ఎండలు ముదిరాయయ్యా అన్నారు" అని చెప్పాడు రాంబాబు.

మామూలు మనిషైతే ఆ సాయంత్రమే డాక్టరుకు చూపించుకునేవాడు. మాస్టారు చూపించుకోలేదు. గుడ్లవల్లేరులో డాక్టరు దగ్గర కూర్చుంటే స్కూల్లో చదివే ఎవరో ఒక పిల్లాడి నాన్న చూస్తాడు. అందుకని మందుల షాపులకి వెళ్లారు. ఒకే షాపుకి రెండుసార్లు వెళ్తే అనుమానం వస్తుందని ఒకసారి ఊళ్లో, ఒకసారి గుడివాడలో, ట్రైనింగ్ క్లాసుకని వచ్చినప్పుడు బందరులో, తలోచోటా కొనుక్కున్నారు. ప్రతి షాపులోనూ ఇంతకుముందు ఏమీ వాడలేదనే చెప్పారు.

నేను మాత్రం ఆయన పాదాలు చూస్తున్నాను. చెప్పుల పట్టీల చుట్టూ చర్మం ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే గుంట పడింది. కళ్లు బరువుగా వాలుతున్నాయి. ఇందాక నిలబడే ఒక కునుకు తీశారు. బీపీ చూశాను, బాగా ఎక్కువగా ఉంది.

"బీపీకి మందు వాడుతున్నారా?"

"వాడుతున్నానండి. అది మానను. అందులో నీరు తగ్గించే మందు కూడా ఉందన్నారు."

"మూత్రం సరిగ్గా వస్తోందా?"

"కాస్త తక్కువేనండి. ఎండాకాలం కదా."

"నొప్పికి ఏం వేసుకుంటున్నారు?"

"ఏదో... అప్పుడప్పుడు ఒకటి."

అన్నపూర్ణ గారు మాట్లాడకుండా తన చేతిసంచి తెరిచి బల్ల మీద బోర్లించారు. దువ్వెన, తాళాలు, బస్సు టికెట్లు, వాటితోపాటు మాత్రల అట్టలు జారిపడ్డాయి. పచ్చవి, గులాబీ రంగువి, నారింజ రంగువి. అందులో ఆవిడ మోకాళ్ల మందు కూడా ఉంది. ఆవిడ అట్ట ఎందుకు ఖాళీ అవుతోందో చూడబోతేనే మిగతావన్నీ పరుపు కింద దొరికాయట.

కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్కటే చదివాను. ఊళ్లో కొన్న మాత్రలో ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్. గుడివాడ మాత్రలో డైక్లోఫెనాక్, దానితోపాటు కండరాలు సడలించే మందు. బందరు మాత్రలో ఐబుప్రొఫెన్, మళ్లీ పారాసెటమాల్. అన్నపూర్ణ గారి మోకాళ్ల మందు మళ్లీ ఎసిక్లోఫెనాకే. పేర్లు వేరు, రంగులు వేరు, పారాసెటమాల్‌నీ సడలించే మందునీ పక్కన పెడితే లోపల ఉన్నది ఒకే వంశం. వాపునీ నొప్పినీ తగ్గించే మందులు అవి. ఆ వంశంలోవి ఒకరోజున ఒకటి మించి వేసుకోకూడదు.

"ఇవన్నీ రోజూ వేసుకుంటున్నారా?"

మాస్టారు కిటికీ దగ్గర నుంచి మొత్తంగా తిరిగి మా వైపు వచ్చారు. ఇక దాచి లాభం లేదనుకున్నారు కాబోలు, లెక్కల మాస్టారు బయటికి వచ్చారు.

"మేడమ్, మొదటి మాత్రకి నొప్పి పావు వంతు తగ్గిందండి. పావు చొప్పున నాలుగు వేస్తే పూర్తిగా పోవాలి కదండీ."

"పోయిందా?"

"లేదండి. పావు దగ్గరే ఆగిపోయింది. లెక్కలో ఎక్కడ తప్పుందో చూస్తున్నాను."

ఆయన ముఖంలో వేళాకోళం లేదు. నిజంగానే చూస్తున్నారు. అందుకని నేనూ నిజంగానే జవాబు చెప్పాను. ఈ మందులన్నీ ఒంట్లో ఒకే తలుపు మూస్తాయి. తలుపు మూయటానికి ఒక మనిషి చాలు. మూసిన తలుపుని ఇంకో ముగ్గురు వచ్చి తోసినా ఇంకా మూసుకోదు, కానీ గుమ్మం పగులుతుంది. ఇక్కడ గుమ్మం అంటే కడుపులో పొర, మూత్రపిండాలు. ఉపయోగం కూడదు మాస్టారూ, ప్రమాదం మాత్రం కూడుతుంది, అన్నాను.

"మరి పారాసెటమాల్ వేరే వంశమన్నారుగా? అది కూడాలిగా?" అన్నారు వెంటనే.

మంచి ప్రశ్నే. పన్ను పీకాకో, ఆపరేషన్ తర్వాతో అలా రెండు వంశాలవి కలిపితే కొంత మేలు ఉంటుంది. హఠాత్తుగా పట్టేసిన నడుం విషయంలో మాత్రం, ఒక మందు సరైన మోతాదులో వేసుకున్నాక దానికి పారాసెటమాల్ కలిపినా, కండరాలు సడలించేది కలిపినా, రోగికి తెలిసేంత అదనపు ఉపశమనం సాధారణంగా ఉండదు. సడలించే మందు వల్ల ఎక్కువగా వచ్చేది నిద్ర. పైగా ఆయన పారాసెటమాల్ రెండు పేర్లతో రెండుసార్లు మింగుతున్నారు. ఇదంతా చెప్పాను. ఆయన విని, "అంటే ఇది కూడిక కాదన్నమాట" అన్నారు. ఎవరో తన సిలబస్ మార్చేసినంత నిరాశగా అన్నారు.

నన్ను కంగారు పెట్టింది ఆ లెక్క కాదు. బీపీ మందు, అందులో నీరు తగ్గించే మందు, ఏప్రిల్ ఎండ, వీటికి తోడు ఈ నొప్పి మాత్రలు. ఇవన్నీ కలిస్తే మూత్రపిండాలకు రక్తం అందటం తగ్గిపోతుంది. మనిషి మామూలుగా తిరుగుతూనే ఉంటాడు, లోపల అవి మొరాయిస్తుంటాయి. వెంటనే రక్తం తీయించాను. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, ఉండాల్సినదానికి రెట్టింపు దాటి ఉంది.

నరసింహమూర్తి గారు రిపోర్టు చూసి నా వైపు తోశారు. "ఇక నడుం నాది కాదు, మీది" అన్నారు.

అన్‌ఫిట్ అని చెప్పగానే మాస్టారు నిటారుగా నిలబడటానికి ప్రయత్నించి విఫలమయ్యారు.

"వద్దండి మేడమ్. దయచేసి అలా రాయకండి. నేను వాళ్లందరినీ అన్న మాటలకి, ఇప్పుడు నడుం నొప్పని కాగితం పట్టుకుని ఏ ముఖంతో స్కూలుకి వెళ్లను? ఈ రాంబాబు ఎదురుగా ఉన్నాడు చూడండి."

"నేనెవరికీ చెప్పనండి మాస్టారూ" అన్నాడు రాంబాబు. ఆ మాటతో మాస్టారు ఇంకా భయపడ్డారు.

"మాటొచ్చినా పర్లేదు, మనిషి మిగలాలి" అన్నారు అన్నపూర్ణ గారు. మాస్టారు ఆవిడ వైపు చూసి మెల్లిగా తలూపారు. మాకు జరిగేదంతా వేడుకగానే ఉంది గానీ, అలాగే ఇంకొన్ని రోజులు మాత్రలు మింగి, ఎండలో ఏటి నడుమ లంక ఊళ్లకి వెళ్లి, పోలింగు రోజు నీళ్లు కూడా సరిగ్గా తాగకుండా కూర్చుని ఉంటే ఆయన్ని డయాలిసిస్ గదిలో చూడాల్సి వచ్చేది.

కారణం గడి దగ్గర ఆర్‌ఎంఓ గారి పెన్ను ఆగింది. ఏం రాయమంటారని అడిగారు.

నరసింహమూర్తి గారు తాపీగా అన్నారు: "నడుం నొప్పి లేదని ఆయనే మొదటి నుంచి చెబుతున్నాడుగా. రోగి మాట మనమెందుకు కాదనాలి? కిడ్నీ పనితీరు తగ్గిందని రాయండి. అది అబద్ధం కాదు."

అది అబద్ధం కాదు. అసలు అన్‌ఫిట్ చేసింది కూడా అదే. ఆర్‌ఎంఓ గారు రాసేదంతా మాస్టారు వంగలేక నిలబడే చూశారు. చివర్లో నెమ్మదిగా అడిగారు:

"కిడ్నీ అంటే... కాస్త గౌరవంగానే ఉంటుందా అండి?"

"బీపీ కన్నా ఒక మెట్టు పైనే" అన్నాను.

ఆయన్ని గుడివాడలో నా వార్డులోనే కొద్దిరోజులు ఉంచుకున్నాను. చేసిన వైద్యంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. నొప్పి మాత్రలన్నీ ఆపేశాను. బీపీ మందు మార్చాను. తాగే నీళ్లకీ వచ్చే మూత్రానికీ రోజూ లెక్క రాయించాను. నొప్పి మరీ ఎక్కువైతే ఒక్క పారాసెటమాల్, అదీ ఎన్ని గంటలకో రాసిపెట్టి. పడుకోనివ్వకుండా వరండాలో నడిపించమని సిస్టర్లకు చెప్పాను. నడుం పట్టేసినవాళ్లు మంచానికి అతుక్కుపోతే కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. మాస్టారు గొణుగుతూనే నడిచారు. మూడో పూటకి పక్క మంచాలవాళ్లని కూడా లేపి నడిపించటం మొదలుపెట్టారు. పాదాల వాపు దిగింది, క్రియాటినిన్ మెల్లిగా మామూలు అంకెకి వచ్చింది.

తమాషా ఏమిటంటే పోలింగు దగ్గరపడేసరికి ఆయన నడుం నొప్పి కూడా పోయింది. మాత్రలన్నీ వేసుకున్నప్పుడు పావు వంతు మాత్రమే తగ్గిన నొప్పి, అవన్నీ ఆపేశాక పూర్తిగా తగ్గింది. ఆపేయటం వల్ల తగ్గిందని కాదు, దానికి పట్టాల్సిన కాలం పట్టింది, అంతే. ఆయన మాత్రం ఆ సంగతి పట్టుకుని నా ఓపీకి వచ్చారు.

"మేడమ్, చూడండి" అని గదిలోనే వంగి నేల ముట్టుకుని లేచారు. "ఇప్పుడు ఫిట్టే కదండీ. ఆ కాగితం మార్చి రాయించండి."

బోర్డు రాసింది మారదని చెప్పాను. ఫిట్ అయిన మనిషిని అన్‌ఫిట్‌గా ఇంట్లో కూర్చోబెట్టటం అన్యాయమని ఆయన నాతో చాలాసేపు వాదించారు. నా సర్వీసులో డ్యూటీ వెయ్యమని వాదించటానికి నా దగ్గరికి వచ్చిన ఉద్యోగి ఆయనొక్కరే.

ఆయన స్థానానికి రిజర్వులో ఉన్నవాళ్లలోంచి మనిషిని తీసుకున్నారు. రిజర్వు అంటే అనుకోకుండా ఎవరైనా తప్పుకుంటే వేయటానికి ముందే ట్రైనింగ్ ఇచ్చి సిద్ధంగా ఉంచే సిబ్బంది. అదే నియోజకవర్గం రిజర్వులో, అదే హోదాలో ఉన్నది రాంబాబు. మేము ఫిట్ అని రాయకపోతే ఆ జాబితాలో అతని పేరు ఉండేది కాదు. ఇచ్చిన బూత్ కృష్ణ పాయ అవతల లంకలో. బస్సు దిగి రేవులో పంటు ఎక్కాలి. పంటు అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే బల్లకట్టు పడవ. ఓటింగ్ యంత్రం పెట్టెను రాంబాబు ఒళ్లో పెట్టుకుని ఏరు దాటాడట.

ఆ రెండు రోజులూ కోటేశ్వరరావు మాస్టారు ఇంట్లో కూర్చుని ఫోన్లోనే పోలింగ్ నడిపించారు. ఈ భాగం నాకు అన్నపూర్ణ గారు చెప్పారు. తెల్లవారకముందే లేచి, "మాక్ పోల్ అయ్యాక క్లియర్ నొక్కావా?" అని మొదటి ఫోన్. మాక్ పోల్ అంటే అసలు పోలింగుకు ముందు ఏజెంట్ల ఎదుట యంత్రాన్ని పరీక్షించటం. ఆ ఓట్లు చెరపకపోతే పెద్ద గొడవ. రాంబాబు నొక్కానన్నాడు. కాసేపటికి మళ్లీ ఫోన్, నొక్కినట్టు ఏజెంట్ల సంతకాలు తీసుకున్నావా అని. తీసుకున్నానన్నాడు. ఆ తర్వాత రాంబాబు ఫోన్ ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి మాస్టారు గదిలో పచార్లు చేశారు. మొత్తానికి నడుం మంచిదే అయింది.

రాంబాబు బూత్‌లో చిన్న తకరారు కూడా రాలేదు. ఆ మాటకొస్తే, బాగా నడిపాడని ఆ సెక్టార్ చూసే అధికారి అందరి ముందూ మెచ్చుకున్నారట. అయితే రాత్రి స్కూలు బెంచీలు రెండు కలిపి వాటి మీద పడుకున్నందుకూ, వచ్చేటప్పుడు ఇసుకలో సామాన్లు మోసినందుకూ మర్నాడు లేచేసరికి నడుం పట్టేసింది. ఆ వారమే నా ఓపీకి వచ్చాడు. తీసుకొచ్చింది మాస్టారే. రాంబాబు పక్కకి వాలి, గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఈసారి నిజమేనండీ మేడమ్" అన్నాడు, నేను అడగకముందే.

"నిజమేనండి, నేను చూశాను. ఎవరూ లేనప్పుడు కూడా అలాగే నడుస్తున్నాడు" అని మాస్టారు సాక్ష్యం చెప్పారు. తర్వాత చెయ్యి చాపి, "జేబులు చూపించవయ్యా" అన్నారు. పై జేబులో ఒక అట్ట, ప్యాంటు జేబులో ఇంకో అట్ట. రెండూ తీసి నా ముందు పెట్టి, కళ్లజోడు పెట్టుకుని తనే చదివి, "చూశారా, రెండూ ఒకే వంశం" అన్నారు.

రాంబాబుకి బీపీ లేదు, కడుపులో పుండు లేదు, కిడ్నీ బాగుంది. అందుకని వాటిలో ఒకటి మాత్రం, అన్నం తిన్నాక, కొద్దిరోజులు వేసుకోమన్నాను. పని చేసుకుంటూ, నడుస్తూ ఉండమన్నాను. అతను సందేహంగా ఒక్కటేనా అన్నాడు. జవాబు మాస్టారే చెప్పారు: "రెండోది వేస్తే నీ నొప్పి తగ్గదు, నా పేరు తగ్గుతుంది." దాని అర్థం నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు గానీ రాంబాబు మాత్రం తలూపాడు.

ఆ బోర్డు నాకు నేర్పింది వృత్తికి సంబంధించిన సంగతే. లేని నొప్పిని ఉందనేవాళ్లను పట్టుకోవటానికి మాకు పరీక్షలున్నాయి. ఉన్న నొప్పిని దాచేవాళ్లకు అలాంటివి లేవు, ప్రమాదం మాత్రం వాళ్లకే ఎక్కువ. వాళ్లు వైద్యం ఒక చోట చేయించుకోరు. నాలుగు చోట్ల కొంచెం కొంచెం చేసుకుంటారు, ఆ నాలుగింటినీ కలిపి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నడుం నొప్పి అని వచ్చినవాళ్లను ఏం మందులు వాడుతున్నారని అడగటం మానేశాను. జేబులోవీ, సంచిలోవీ, ఇంట్లో పక్కవాళ్ల డబ్బాలోంచి తీసుకున్నవీ అన్నీ బల్ల మీద పెట్టమన్నాను. చాలాసార్లు అందులోంచి కొన్ని తీసేయటంతోనే నా వైద్యం పూర్తయింది.